బాల్కనీకి అద్దాలు బిగించే ముందు ఒక్కసారి ఆలోచించండి

ఈసారి వీడియో మన పొలంలో కాదు, హైదరాబాద్‌లో మా అన్నయ్య వాళ్ల నాలుగో అంతస్తు బాల్కనీలో తీశాం. ఎందుకో చెప్తాను.

పోయినేడు అమ్మ అక్కడికి వెళ్లింది. తెల్లారితే పొలం, దొడ్డి అని తిరిగిన మనిషి. ఆరు నెలలకే ఒళ్లు నొప్పులు, రాత్రిళ్లు నిద్ర లేదు. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. "రోజూ ఎండలోనే కూర్చుంటున్నా కదరా" అంది. నిజమే, కానీ అది అద్దంలోంచి వచ్చే ఎండ. దుమ్ము పడుతోందని బాల్కనీ అంతా అద్దాలు బిగించేశారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఎండలోని యూవీ-బి కిరణాలు చర్మానికి తగిలితేనే ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. మామూలు కిటికీ అద్దం వెలుతురుని, వేడిని లోపలికి వదులుతుంది గానీ ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఆకుకూరలు ఎంత తిన్నా ఈ లోటు తీరదు.

డాక్టర్ గారు రాసిన మందులు వాడుతూనే మేం చేసిన మార్పులు ఇవి:

1. అద్దాలు తీసేసి గ్రిల్ మాత్రం ఉంచాం. పాత సామాను ఖాళీ చేశాం.

2. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే యూవీ-బి బాగా అందుతుంది. ఆ వేళ అమ్మ చేతులకీ కాళ్లకీ ఎండ తగిలేలా కాసేపు కూర్చుంటుంది. మండు వేసవిలో మాత్రం జాగ్రత్త, వడదెబ్బ తగలొచ్చు.

3. పొద్దున్నే బయట వెలుతురులో ఉంటే ఒంటికి పగలేదో రాత్రేదో తెలుస్తుంది, రాత్రి నిద్రకి అది సాయం. అందుకే మొక్కలకి నీళ్లు పోసే పని అమ్మకే అప్పగించాం.

4. తోటకూర, మెంతి, పుదీనా వేశాం. తడిసిన మట్టి చాలా బరువు కాబట్టి కోకోపీట్, వర్మీకంపోస్ట్ ఎక్కువగా కలిపాం. కుండీలు గ్రిల్‌కి వేలాడదీయకండి, కింద మనుషులు తిరుగుతుంటారు.

5. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకండి. వారం పది రోజుల్లోనే డెంగీ దోమ తయారవుతుంది.

ఎండ కాక ఇంకొకటి కూడా దక్కింది. నెల తిరక్కుండానే అమ్మ తోటకూర కోసి పక్క ఫ్లాట్ వాళ్లకి ఇచ్చింది. అప్పటిదాకా వాళ్ల ముఖం కూడా తెలీదు. ఇప్పుడు సాయంత్రమైతే ఆ బాల్కనీకీ ఈ బాల్కనీకీ కబుర్లు.

మట్టి కలిపే కొలతలు వీడియోలో చూపించాను, చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఈ ఆదివారమే బాల్కనీలో ఒక కుర్చీకి చోటు చేయండి.