ఆ కోపం పొగరేనా?

అన్నంలో ఉప్పు తగ్గినా, టీవీ సౌండు పెరిగినా అరుపులే. ‘ముక్కుమీద కోపం, అచ్చం తాత పోలికే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఆ మనిషికి కొన్నాళ్లుగా రాత్రుళ్లు నిద్ర లేదనీ, ఇష్టమైన పనులు కూడా మానేశాడనీ ఎవరూ పట్టించుకోరు. మానసిక సమస్య కన్నీళ్లై వస్తే జాలిపడతాం. అదే సమస్య కోపమై వస్తే పొగరంటాం. చికిత్స ఆలస్యమవడానికి ఇదీ ఒక కారణం.

ఒక్కో సమస్య... ఒక్కో కోపం

డిప్రెషన్ అంటే దిగులు ముఖమే అనుకుంటాం. టీనేజీ పిల్లల్లో మాత్రం దిగులుకు బదులు చిరాకే కనిపించవచ్చు. పెద్దల్లోనూ కొందరికి ఉన్నట్టుండి కోపం కట్టలు తెంచుకుంటుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి. చల్లారాక ‘ఎందుకలా అన్నాను’ అని కుమిలిపోతారు. బైపోలార్ సమస్యలో మేనియా దశ అంటే పట్టరాని ఉత్సాహమే కాదు, ఎవరైనా అడ్డుచెబితే భగ్గుమనడం కూడా. ఘోర ప్రమాదాన్నో హింసనో చవిచూసినవారిలో అపాయం దాటిపోయినా ఒళ్లు కాపలా మానదు. వెనకనుంచి భుజం తట్టినా ఉలిక్కిపడి అరుస్తారు. స్కిజోఫ్రీనియాలో అంతా తనపై కుట్ర పన్నుతున్నారని నమ్మే వ్యక్తికి తన కోపం ఆత్మరక్షణే.

అంతమాత్రాన మానసిక రోగులంతా ప్రమాదకరం అనుకోవడం పెద్ద తప్పు. ఎక్కువమంది ఎవరి జోలికీ వెళ్లరు. ఇతరులను కొట్టడంకన్నా తామే హింసకు గురవడం వాళ్లలో ఎక్కువ.

పేరు పెడితే సగం అదుపు

తనలోని, ఎదుటివారిలోని భావాన్ని పసిగట్టడం, అది ఎందుకొచ్చిందో గ్రహించడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం... ఈ నేర్పునే భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో దీన్ని సిద్ధాంతీకరిస్తే, 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం దాన్ని ఇంటింటి మాటగా మార్చింది. మానసిక సమస్య దెబ్బతీసేది చాలాసార్లు ఇందులోని మొదటి మెట్టునే. అవమానం, భయం, అలసట, ఒంటరితనం అన్నీ కలగలిసి కోపమొక్కటిగానే బయటికొస్తాయి. ఎదుటివారి మామూలు ముఖం కూడా చీదరించుకున్నట్టే తోస్తుంది.

అయితే ఈ నేర్పును సాధనతో పెంచుకోవచ్చు. ముఖంలోని భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయం లాంటి భావాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గుతుందని 2007లో మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కానింగుల్లో గమనించింది. అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త మార్షా లినెహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డీబీటీ) అనే చికిత్సలో భావాల్ని గుర్తించి, తట్టుకుని, మలుచుకునే మెలకువలను పాఠాల్లా నేర్పిస్తారు. యౌవనంలో తానూ మానసిక చికిత్సాలయంలో గడిపానని ఆవిడే 2011లో బహిరంగంగా చెప్పారు. కోపాన్ని వెళ్లగక్కితే తగ్గుతుందన్న నమ్మకం మాత్రం నిలవలేదు. తమను నొప్పించిన వ్యక్తిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లలో కోపం ఇంకా పెరిగిందని మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది.

‘మాత్ర వేసుకున్నావా?’

జబ్బును పొగరనుకోవడం ఒక తప్పైతే, రెండో తప్పు దానికి పూర్తిగా తలకిందులు. ఒకసారి జబ్బు పేరు తెలిశాక, ఆ మనిషి ఏ కోపమూ న్యాయమైనది కాకుండా పోతుంది. ఆస్తి పంపకంలో అన్యాయం జరిగిందని నిలదీసినా ‘ఇవాళ మాత్ర వేసుకున్నావా?’ అనే ప్రశ్నే ఎదురవుతుంది. అంతకన్నా అవమానం ఉండదు. సూటిపోటి మాటలు, ద్వేషం, అతిజోక్యం ఉన్న ఇళ్లకు ఆసుపత్రినుంచి తిరిగి వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగుల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ మొదలుపెట్టిన పరిశోధనలు దశాబ్దాల క్రితమే తేల్చాయి. అంటే భావోద్వేగ ప్రజ్ఞ రోగికి ఎంత అవసరమో ఇంటిల్లిపాదికీ అంతే అవసరం.

కోపం పతాకస్థాయిలో ఉన్నప్పుడు వాదనకు దిగకండి. గొంతు తగ్గించండి, కాస్త దూరం ఇవ్వండి. చల్లారాక ‘అప్పుడు నీకేమనిపించింది?’ అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. నిద్ర తగ్గిందా, మందులు ఆపేశారా, మద్యం పెరిగిందా గమనించండి. కొట్టడం దాకా వస్తే మాత్రం జబ్బు పేరు చెప్పి భరించనక్కర్లేదు. ముందు మీరూ పిల్లలూ సురక్షితంగా బయటపడి, తర్వాత సాయం పిలవండి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లలో అత్యధికులు వైద్యం దాకా రావడం లేదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరి కోపమైనా ఈమధ్య తీరు మారిందనిపిస్తే, ‘పొగరు’ అనే ముందు ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేయండి.