రంగు చూసి పగడాన్ని పోల్చుకోలేం

పుదుచ్చేరి పట్టణానికి ఎదురుగానే బంగాళాఖాతం ఉంది. అయినా ఇక్కడి తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. నదులు మోసుకొచ్చే ఒండ్రు, ఈశాన్య రుతుపవనాల వానలకు తగ్గిపోయే ఉప్పదనం వాటికి సరిపడవు. దక్షిణంగా వెళ్తే పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖల్లో మాత్రం పెద్ద దిబ్బలే ఉన్నాయి. అందుకే ఈ పట్టణంలో ఏ ఇంటి ఉప్పునీటి అక్వేరియంలోనైనా పగడం కనిపించిందంటే, అది దాదాపుగా మరెక్కడి నుంచో వచ్చినదే అయివుంటుంది. దానితోపాటు ఓ వ్యాపార నామం కూడా వస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

‘టార్చ్’, ‘హ్యామర్’ వంటి పేర్లు ఆకారాన్ని చెబుతాయి, రంగును బట్టి ధర మారుతుంది. జాతిని గుర్తించడానికి రంగంత నమ్మలేని ఆధారం మరొకటి లేదు. పగడం కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు, మెరిసే వర్ణక ప్రోటీన్లు కలిసి ఆ రంగును ఇస్తాయి. వెలుతురు మారితే రంగు మారుతుంది. నీటి ప్రవాహం మారితే కొమ్మల తీరే మారిపోతుంది. ఒకే పగడాన్ని రెండు ముక్కలు చేసి రెండు తొట్లలో పెంచితే, కొన్నాళ్లకు అవి వేర్వేరు జాతుల్లా కనిపించవచ్చు.

అందుకే శాస్త్రవేత్తలు చాలాకాలంగా అస్థిపంజరాన్ని నమ్ముకున్నారు. ఒక్కో పాలిప్ కూర్చునే కాల్షియం కార్బొనేట్ గిన్నె, దాని లోపలి నిలువు పలకల సంఖ్య, అమరిక, ఇవే వారికి ఆనవాళ్లు. అయితే ఈ పద్ధతీ అన్నిచోట్లా పనిచేయదు. హ్యామర్, టార్చ్ పగడాలనే తీసుకోండి. వాటి అస్థిపంజరాలు బాగా దగ్గరగా ఉంటాయి. బతికున్నప్పుడు స్పర్శకాల కొసలు చూస్తేనే తేడా తెలుస్తుంది: హ్యామర్‌కు లంగరు ఆకారం, టార్చ్‌కు చిన్న గుండు. చాలాకాలం ఈ రెండూ యూఫిలియా ప్రజాతిలోనే ఉండేవి. 2017లో డీఎన్ఏ ఆధారాలతో హ్యామర్‌ను ఫింబ్రియాఫిలియా అనే వేరే ప్రజాతిలోకి మార్చారు.

ఇంట్లో పెంచేవారికి జాతి కంటే ముందు తేలాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: అది రాతి పగడమా, కాదా? పాలిప్ బాగా విచ్చుకున్నప్పుడు స్పర్శకాలు లెక్కపెట్టాలి. సరిగ్గా ఎనిమిది ఉండి, ఈకల్లా చీలి ఉంటే అది అష్టస్పర్శక వర్గం. రాతి పగడాల్లో సాధారణంగా ఆరు లేదా ఆరు గుణిజాల్లో ఉంటాయి. (ఉంగరంలో పొదిగే ఎర్రని పగడం కూడా ఎనిమిది స్పర్శకాల వర్గానిదే. మధ్యధరా సముద్రంలో పెరిగే ఆ కొరాలియంకూ దిబ్బలు కట్టే రాతి పగడానికీ చుట్టరికం దూరమే. తెలుగులో రెంటికీ ఒకే మాట ఉండటం ఈ గందరగోళానికి మరో కారణం.)

అలాగని ఎనిమిది ఉంటే చాలు, చట్టంతో పేచీ లేదనుకోవడం పొరపాటు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ చేర్చారు. నల్ల పగడాలు, నిప్పు పగడాలు, సముద్రపు విసనకర్రలు, ట్యూబిపొరా మ్యూసికా కూడా ఆ జాబితాలోకి వచ్చాయి. ఈ ట్యూబిపొరా మాయలమారి. పాలిప్‌లు విచ్చుకుంటే మెత్తని పగడంలా ఉంటుంది, స్పర్శకాలూ ఎనిమిదే. కింద మాత్రం ముదురు ఎరుపు గొట్టాల గట్టి అస్థిపంజరం దాగి ఉంటుంది. మొదటి షెడ్యూలు నేరాలకు మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడవచ్చు. దుకాణంలో చెప్పిన పేరు అక్కడ ఆదుకోదు.

చట్టం కంటే తొందరగా ప్రాణం మీదికి తెచ్చేది మరొకటి ఉంది. జోయాంథిడ్‌లు అస్థిపంజరం లేని, చిన్న పువ్వుల గుత్తుల్లాంటి జీవులు. వీటిలో పాలిథోవా ప్రజాతికి చెందిన కొన్నింటిలో పాలిటాక్సిన్ ఉంటుంది. హవాయిలో సేకరించిన పాలిథోవా నుంచి 1971లో వేరుచేసిన ఈ విషం, ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. రాళ్ల మీద పెరిగిన ఈ గుత్తులను వదిలించడానికి మరిగే నీళ్లు పోసి, ఆ ఆవిరి పీల్చి, ఊపిరాడక ఆసుపత్రి పాలైన ఉదంతాలు పలు దేశాల్లో నమోదయ్యాయి. పాలిథోవా తన ఒంట్లో ఇసుక రేణువులను పొదువుకుంటుంది, దాని బంధువు జోయాంథస్‌కు ఆ అలవాటు లేదు. ముక్క కోసి చూస్తే గాని ఈ తేడా స్పష్టంగా తెలియదు. అలా కోయడమే ప్రమాదం కనుక, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ విషపూరితంగానే భావించి చేతితొడుగులు, కళ్లద్దాలు వాడటం మేలు.

పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. అయితే అది ఈ పట్టణంలో కాదు, పగడపు దిబ్బలకు చేరువగా అండమాన్‌లోని శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్)లో ఉంది. పగడాల మీద పనిచేసే పరిశోధకులు నీటి అడుగున ఫొటో తీసేటప్పుడు మొత్తం గుంపు ఆకారాన్ని, పాలిప్‌ల దగ్గరి దృశ్యాన్ని విడివిడిగా, పక్కన కొలబద్ద ఉంచి తీస్తారు. లోతును కూడా రాసుకుంటారు. ఇంత చేసినా, కొమ్మ కొసన ఒక ప్రత్యేక గిన్నె ఉండే అక్రొపొరాల విషయంలో ఫొటో ఒక్కటే చేతిలో ఉంటే, నిపుణులు తరచూ ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోతారు.