పేజీ మనది, నేల పరులది

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు చౌరస్తావరకు గల దారి దూరమైనది కాదు. కాని ఆ దారికి ఇరుప్రక్కల సందులలో నివసించు యువజనము ఒక చిన్న పట్టణమునకు సరిపోవును. నల్లగొండ, ఖమ్మము, మహబూబునగరు జిల్లాలనుండియు, కృష్ణా గుంటూరు ప్రాంతములనుండియు చదువులకై, ఉద్యోగ పరీక్షలకై వచ్చినవారు వీరు. కోచింగు సెంటరు, హాస్టలు, మెస్సు, ఈ మూడింటి నడుమ వీరి కాలము గడచుచుండును. వీరిలో కొందరు కొన్ని సంవత్సరములుగా ఒక క్రొత్త వృత్తి నవలంబించిరి. చేతిలోని సెల్‌ఫోనే వీరి అచ్చుకూటము. హాస్యపు బొమ్మలు, సినిమా కబుర్లు, ఉద్యోగ ప్రకటనలు, వింత వీడియోలు ప్రకటించుటకై ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాములలో పేజీలు తెరతురు. చూచువారు విరివిగా చేరిన పిదప ప్రక్కవీధి హాస్టలు యజమాని, బట్టలకొట్టు వర్తకుడు, విజయవాడ రహదారి వెంబడి ప్లాట్లు వేసిన ఆసామి తమ ప్రకటనలను అందులో వేయించుకొని ఇంత యని యిత్తురు. కొందరికి వేదికవారి ప్రకటనాదాయములోను కొంత భాగము లభించును.

ఈ వృత్తి నేడు సంకటమున బడినది. చైతన్యపురిలోని ఒక హాస్టలు గదిలో అట్టి పేజీ నడపు యువకునితో ఇటీవల మాటాడితిమి. “సార్, పేజీ పోలేదు, ఫాలోవర్లు పోలేదు. వేసింది ఎవ్వరికీ కనబడతలేదు” అని యతడు తన ఫోను మా చేతికిచ్చెను. అనుచరుల సంఖ్య లక్షలలోనే యున్నది. ఆనాడు పెట్టిన బొమ్మను చూచినవారు వేయిమందియు లేరు. తాను చేసిన తప్పేమో, శిక్ష విధించినవారెవరో, అసలది శిక్షయో కాదో అతనికి తెలియదు. ప్రకటన లిచ్చువారు మాత్రము సంగతి కనిపెట్టి తొలగిపోయిరి. మెస్సు బాకీ మిగిలినది.

దీనికి పూర్వచరిత్ర కొంత కలదు. ఫేస్‌బుక్కు కంపెనీ భారతదేశమున తన మొదటి కార్యాలయమును 2010లో మన హైదరాబాదుననే తెరచెను. ఒక పేజీని మెచ్చి ‘లైకు’ చేసినవానికి ఆ పేజీలోని వ్రాతలన్నియు చేరునని ఆ దినములలో సామాన్యులు నమ్మిరి. అట్లు చేరుట ఎన్నడును లేదు. ఒక్కొక్క వ్రాత అనుచరులలో సగటున నూటికి 16 మందికి మాత్రమే చేరుచున్నదని 2012లో కంపెనీయే చెప్పెను. పిదప ఓగిల్వీ యను ప్రకటనల సంస్థ నూరుకు పైబడిన పేజీలను పరిశీలించి, 2013 అక్టోబరులో నూటికి 12గా నున్న ఈ చేరిక 2014 ఫిబ్రవరి నాటికి 6కు దిగినదని ప్రకటించెను. మిక్కిలి పెద్ద పేజీలకు అది రెండే. ఆ సంవత్సరము జూనులో కంపెనీవారు కారణమును చెప్పిరి: ఒక మనుష్యుడు తన ఖాతా తెరచునప్పుడు సగటున 1,500 విషయములు అతనికి చూపదగినవి యుండును, వానిలో 300 మాత్రమే ఏరి చూపుదుము, అని. ఈ కారణము అబద్ధము కాదు. సంపూర్ణ సత్యమును కాదు. ఉచితముగా చేరకుండ పోయిన వ్రాతయే రొక్కము చెల్లించినచో చేరుచున్నది గదా!

2018 జనవరిలో జుకర్‌బర్గుగారు మరియొక మార్పును చాటిరి. ఇకపై బంధుమిత్రుల వ్రాతలకు ప్రాముఖ్యము, పేజీల వ్రాతలకు తగ్గింపు. మరుసటి మాసముననే అమెరికాలో లిటిల్‌థింగ్స్ అను ప్రచురణ సంస్థ మూతబడి సుమారు నూరుమంది ఉద్యోగులు వీధిని బడిరి. తమకు ఉచితముగా వచ్చు చదువరులలో ముప్పాతిక వంతు ఈ మార్పుచే పోయిరని ఆ సంస్థ అధిపతి చెప్పెను.

అప్పుడు మన దిల్‌సుఖ్‌నగరువారు మేల్కొనకపోవుటకు మాకొక హేతువు తోచుచున్నది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చినది. పల్లెపల్లెకు అగ్గువగా ఇంటర్నెట్టు చేరినది. చూచువారు దినదినము పెరుగుచుండుటచే భాగము తరుగుట కనబడలేదు. చెరువు విస్తరించుచుండగా లోతు తగ్గుటను ఎవరు కొలుతురు? తరువాత 2020 జూను 29న భారత ప్రభుత్వము టిక్‌టాకు సహా 59 యాపులను నిషేధించెను. వెనువెంటనే ఇన్‌స్టాగ్రామువారు రీల్సును మన దేశమునకు తెచ్చిరి. దానితో పద్ధతియే మారెను. నీవెవరిని అనుసరించుచున్నావను ప్రశ్న వెనుకబడి, నీ కన్ను ఏ వీడియోపై ఎంతసేపు నిలిచినదను లెక్క ముందునకు వచ్చెను. అనుచరులను లక్షలుగా కూడబెట్టుకొన్నవాడు పాత నాణెములు పెట్టెనిండ దాచుకొన్నవానివలె నయ్యెను. చివరకు 2025 జులైలో మెటా కంపెనీ, ఇతరుల సృష్టిని పదేపదే తీసికొని తమదిగా వేయువారి చేరికను తగ్గింతుమనియు, ఆదాయమును నిలిపివేయుదుమనియు ప్రకటించెను.

ఈ కడపటి నియమము అన్యాయమని మేమనజాలము. ఈ పేజీలలో పెక్కింటి సరకు పరులది. ఎవడో వరంగల్లులో కష్టించి తీసిన వీడియోపై తన ముద్ర కొట్టి నడపుట వృత్తి యనిపించుకొనదు. దీనికన్న గొప్ప దోషము వదంతి. 2018 మే మాసమున, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను కట్టుకథ ఫోనులనుండి ఫోనులకు ప్రాకి, తెలుగునాట నిరపరాధులను గుంపులు కొట్టి చంపినవి. హైదరాబాదు పాతబస్తీలోనే ఒక ప్రాణము పోయినది. దేశమున అట్టి హత్యలు మరికొన్ని జరిగిన పిదప, ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని ఆ జులైలో వాట్సాప్పు మన దేశమున కట్టడి చేసెను. అదియు చేరికను తగ్గించుటయే. దానిని తప్పని యెవరందురు?

కావున తగ్గించుట మా ఆక్షేపణము కాదు. తగ్గించినట్లు చెప్పకపోవుట మా ఆక్షేపణము. ఈ దారిలోనే కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండెడిది. 2021లో దానిని మూసి వ్యాపారమును బాటసింగారమునకు తరలించిరి. కమీషను వ్యాపారులు హైకోర్టు నాశ్రయించిరి. తమ సామగ్రి తీసికొనిపోవుటకు మార్కెట్టును తెరువవలసినదని 2022లో న్యాయస్థానము ఆజ్ఞాపించెను. మార్కెట్టు తిరిగి రాలేదు. అయినను వారికి ఆజ్ఞ చేసినవాడెవడో తెలిసినది, మొరపెట్టుకొనుటకు గుమ్మము దొరకినది. భూస్వాములైన మన చదువరులకు మరియొక సంగతి జ్ఞాపకముండును. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చువరకు కౌలుదారుని యునికి దొర దయ. ఆ చట్టము పిదప రక్షిత కౌలుదారుని తొలగింపవలెనన్న కారణము చూపవలెను, నోటీసు ఇయ్యవలెను. పేజీ యజమాని నేటికిని 1950కి పూర్వమే యున్నాడు.

2021 నాటి మన సమాచార సాంకేతిక నియమములలో ఒక పెద్ద వేదిక తనంతట తాను ఒక వ్రాతను తొలగించునెడల, వ్రాసినవానికి కారణము తెలుపవలెననియు, ప్రతివాదమునకు అవకాశమియ్యవలెననియు ఉన్నది. 2023లో అప్పీలు సంఘములును ఏర్పడినవి. కాని తొలగింపక, చూపక ఊరకుంచిన వ్రాత మాటేమి? యూరపు దేశముల డిజిటలు సేవల చట్టము, నిబంధనలకు విరుద్ధమని వ్రాతను వెనుకకు నెట్టినను కారణము తెలుపవలసినదే యని శాసించుచున్నది; ఏ లెక్కను బట్టి ముందువెనుకలు నిర్ణయింతురో ఆ ముఖ్యాంశములను బయటపెట్టవలెననియు చెప్పుచున్నది. అదే కంపెనీ పారిసులో చేయుపని ఎల్.బి. నగరులో ఏల చేయరాదు? మన పార్లమెంటు సభ్యులు ఈ ఒక్క వాక్యమును నియమములలో చేర్పింపగలిగినచో, ఈ సందులలోని యువకులకు గొప్ప మేలు చేసినవారగుదురు.

అంతవరకు ఆ యువకులు చేయదగినది ఒకటున్నది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను నడప నారంభించిననాడు నిజాము ప్రభుత్వపు కన్ను దానిపై నుండెను, ధనము స్వల్పము. కాని చందాదారుల పేర్ల పుస్తకము పత్రికవారి బల్లమీదనే యుండెను. నేటి పేజీకి ఆ పుస్తకమే లేదు. లక్షమంది అనుచరులలో పదిమంది చిరునామాయైనను యజమాని చేతిలో నుండదు. మేము కలసికొన్న యువకుడు సినిమా కబుర్లు మానినాడు. జిల్లాలలోని ఉద్యోగ ప్రకటనలను తానే సేకరించి, సరిచూచి, కోరినవారి ఫోనుకు నేరుగా పంపుచున్నాడు. వారి పేరు, ఊరు, నెంబరు గీతల నోటుబుక్కులో చేతివ్రాతతో నెక్కించుకొనుచున్నాడు. మేము చూచునప్పటికి అందులో పదునాలుగు పుటలు నిండియుండెను.