ఊక బూడిదలోని సిలికా: పొలానికా, పరిశ్రమకా?

కరీంనగర్ ప్రాంతపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లకు ఊకే ప్రధాన ఇంధనం. టన్ను ధాన్యం నుండి సుమారు 200 కిలోల ఊక, అది కాలిన తరువాత 40 కిలోల బూడిద వస్తాయి. బూడిదలో 85 నుండి 95 శాతం సిలికాయే. మిల్లు వెనుక గుట్టలుగా పడి ఉండే ఈ పదార్థం నిజానికి పొలం నుండి తరలివచ్చిన సిలికాన్.

నేల ద్రావణంలో సిలికాన్ మోనోసిలిసిక్ ఆమ్లంగా ఉంటుంది. వరి వేరు దీనిని ఎల్‌ఎస్‌ఐ1 అనే వాహక ప్రోటీను ద్వారా గ్రహిస్తుందని 2006లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆకుల నుండి, ఊక నుండి నీరు ఆవిరైన కొద్దీ ఆమ్ల గాఢత పెరుగుతుంది. అప్పుడు రెండు అణువుల హైడ్రాక్సిల్ సమూహాలు కలిసి, ఒక నీటి అణువును విడిచి, సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ బంధంగా మారతాయి. అగ్గి తెగులును, కాండం తొలుచు పురుగును కొంతవరకు నిలువరించే సిలికా పొర ఇలా ఏర్పడినదే.

ఊకలోని సిలికా అస్ఫటికం. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు కాలిస్తే అది చాలావరకు అలాగే నిలుస్తుంది. వేడి మించితే క్రిస్టోబలైటు వంటి స్ఫటికాలుగా మారుతుంది. ఆ ధూళిని దీర్ఘకాలం పీల్చిన కార్మికులకు సిలికోసిస్ ముప్పు ఉంది. రంగు చూసి ఈ తేడాను నిర్ణయించడం సరికాదు. నలుపు కాలని కర్బనాన్ని మాత్రమే సూచిస్తుంది. స్ఫటికత తేలాలంటే ఎక్స్-రే వివర్తన పరీక్ష అవసరం. అస్ఫటిక సిలికా వేడి కాస్టిక్ సోడాలో కరిగి సోడియం సిలికేటుగా, దానికి ఆమ్లం కలిపితే సిలికా జెల్‌గా మారుతుంది.

పదార్థ విజ్ఞానంలో కప్లింగ్ ఏజెంట్లుగా వాడే సిలేన్లదీ ఇదే రసాయనం. సిలేన్ అణువులో ఒకవైపు ఉండే ఆల్కాక్సీ సమూహాలు నీటితో చర్య జరిపి సిలికా ఉపరితలాన్ని పట్టుకుంటాయి. రెండో కొస రబ్బరుతోనో, ప్లాస్టిక్‌తోనో కలుస్తుంది. ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పత్తి తీత ముగిశాక మిగిలే కట్టెకూ ఈ పద్ధతి వర్తిస్తుంది. కట్టె పొడిని ప్లాస్టిక్‌తో కలిపి పలకలు చేసేటప్పుడు సిలేన్ రెంటినీ అతికిస్తుంది. అయితే సెల్యులోజుతో ఏర్పడే సిలికాన్–ఆక్సిజన్–కార్బన్ బంధం తేమకు విడిపోయే స్వభావం కలది. వానకు తడిసే చోట ఇటువంటి పలకలను సిఫారసు చేసే ముందు ఈ సంగతి గమనించాలి.

హెక్టారుకు 6 టన్నుల దిగుబడి వస్తే ఊక ద్వారానే 200 కిలోలకు పైగా సిలికా పొలం దాటుతుంది. గడ్డితో పోయేది దీనికి అదనం. తేలికపాటి ఎర్ర చల్కా నేలల్లో ఏటా రెండు వరి పంటలు తీస్తూ, బూడిదనంతా పరిశ్రమకు పంపడం రైతుకు నష్టమే కావచ్చు. అలాగని ప్రతి బూడిదా పొలానికి పనికిరాదు: స్ఫటికంగా మారిన సిలికా నేలలో అతి నెమ్మదిగా కరుగుతుంది, పైరుకు అందేది స్వల్పం. కనుక మోతాదు చెప్పే ముందు మిల్లు బూడిద స్ఫటికతను, ఆ నేలలో లభ్య సిలికాన్‌ను పరీక్షించాలి. జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి కేంద్రాలలో విద్యార్థుల పరిశోధనకు ఇది తగిన అంశం.