శ్రేణి ఆగిన చోట భిన్నము

ఒక సంఖ్య నిచ్చినచో మఱియొక సంఖ్యను తెలుపు నియమమునకు గణితమున ప్రమేయమని పేరు. దాని విలువ కట్టుటకు తఱచుగా అనంత శ్రేణి నాశ్రయింతుము. కాని శ్రేణికి ఒక పొలిమేర కలదు. దానిని దాటినచో శ్రేణి పనిచేయదు. అంతమాత్రమున ప్రమేయమే అచట లేదనవచ్చునా?

3 యొక్క సహజ సంవర్గమానము 1.0986. సంవర్గమాన శ్రేణి ననుసరించి 2 నుండి 2 వర్గములో సగము తీసివేసి, 2 ఘనములో మూడవ వంతు కలిపి, ఇట్లే సాగినచో మొత్తములు వరుసగా 2, 0, 2.67, −1.33, 5.07 అగును. పదములు పెరిగినకొలది ఫలితము గమ్యమునకు దూరమగుచునే యుండును.

ఆ శ్రేణినే అవిచ్ఛిన్న భిన్నముగా మార్చవచ్చును. ఇందు హారమునకు ఒక భిన్నము, దాని హారమునకు మఱియొకటి చేరుచు మెట్లుగా దిగును. పై లెక్కకు మెట్ల లవములు 2, 2, 2, 8, 8, 18, 18, హారములు 1, 2, 3, 4, 5, ఇట్లే మున్ముందు. ఒక్కొక్క మెట్టున ఆగి చూచినచో 2, 1, 1.143, 1.091, 1.101 లభించును. ఒకమారు హెచ్చు, ఒకమారు తగ్గు అగుచు భిన్నము నిజమైన విలువను ఇరువైపుల నుండి బిగించుచున్నది. కావున లోపము ప్రమేయమునది కాదు, దానిని వ్రాసిన రీతిది.

1812లో గౌస్ పండితుడు అతిగుణోత్తర శ్రేణుల నిష్పత్తికి ఇట్టి భిన్నమును సాధించెను. పై సంవర్గమాన భిన్నము అందులోని ఒక ప్రత్యేక రూపమే. 1880లో ఆపెల్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు రెండు చలరాశులు గల అతిగుణోత్తర ప్రమేయములను నాల్గింటిని ప్రవేశపెట్టెను. చలరాశులు పెరిగినపుడు ఒంటి గొలుసు సామాన్యముగా చాలదు. ఒక ప్రమేయమునకు పొరుగు ప్రమేయములతో గల సంబంధము పలుదిక్కులకు చీలును. గౌస్ భిన్నము తాటిచెట్టు వలె ఒంటి మ్రాను. ఇచట కావలసినది ప్రతి కొమ్మ నుండియు కొమ్మలు పుట్టు మఱ్ఱి. ఇట్టి శాఖా భిన్నముల సిద్ధాంతమునకు 1960 దశకమున ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరమున స్కొరొబొహాత్కో, ఆయన సహచరులు పునాది వేసిరి.

అయితే భిన్నము ఏదో ఒక విలువకు చేరినంతమాత్రమున చాలదు. శ్రేణి పనిచేయు చోట రెండును ఏకీభవింపవలెను; అచటి నుండి తెగక సాగు విశాలతర ప్రాంతమున భిన్నము నియతముగా అభిసరింపవలెను. ఈ రెండును నిరూపితమైనచో అదియే ఆ ప్రమేయము యొక్క విస్తరణము. ఆ ప్రాంతమున వేఱొకటి యుండజాలదు. శాఖా భిన్నముల విషయమున ఆ ప్రాంతమును నిర్ణయించుటయే కష్టతరమైన పని. ఒక్కొక్క ప్రమేయమునకు దానిని వేఱుగా సాధింపవలసి యుండును.

సున్నకు సంవర్గమానము లేదు. ఏ భిన్నమును దానిని సృష్టింపజాలదు. శ్రేణి పొలిమేరను దాటవచ్చును గాని, ప్రమేయపు పొలిమేరను దాటరాదు. ఈ రెండింటికిని గల భేదమును గుర్తించుటయే ఈ విద్య యొక్క సారము.