దూరపు చూపు, చీకటి చూపు

నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు ఘాట్ దారిలో సుమారు 30 కిలోమీటర్లు పోగా లంబసింగి వచ్చును. సముద్రమట్టమునకు దాదాపు 1000 మీటర్ల ఎత్తున నున్న ఈ గ్రామము చలికి పేరుపొందినది. శీతకాలమున తెల్లవారకముందే సందర్శకులు దాపుననున్న చెరువులవేనము కొండ ఎక్కి, లోయలలో పాలకడలివలె నిలిచిన పొగమంచును చూతురు. ఎండ ముదిరినకొలది మంచు విరిగిపోవును. కాబట్టి అక్కడ చూడదగినదంతయు వెలుతురు చాలని వేళనే ఉండును.

అదే నర్సీపట్నము నుండి నాతవరము వైపు పోయినచో తాండవ జలాశయము వచ్చును. అచట వెలుతురుకు కొదవ లేదు, చేరువకే కొదవ. నీటిలో ఎండి నిలిచిన మోడుమీద లకుముకి పిట్ట కూర్చుండును. గట్టుమీద మనిషి నాలుగడుగులు ముందుకు వేయగనే అది ఎగిరిపోవును.

జేబులో పట్టు రెండు రకముల కెమేరాలు ఈ రెండు చోట్ల ఒకదానికొకటి విరుద్ధమైన ఫలితములు చూపును. ఒకటి దూరపు వస్తువును దగ్గరకు లాగునది. దానిని సూపర్ జూమ్ అందురు. రెండవది అంత దూరము లాగలేదు గాని లోపల పెద్ద సెన్సారు గలది. సెన్సారనగా పూర్వపు ఫిల్ము స్థానమున నిలుచు సిలికాను ఫలకము. దానిపై పడిన కాంతిని పిక్సెళ్లు అను సూక్ష్మమైన గళ్లు విద్యుత్తుగా మార్చును. నర్సీపట్నములో ఒక ఉన్నత పాఠశాల సైన్సు సంఘము తన ప్రాంతపు పక్షుల పట్టికను తయారుచేయ బూనినదనియు, దానివద్ద ఒక్క కెమేరాకు మాత్రమే సొమ్ము కలదనియు అనుకొందము. ఏది కొనవలెను? అంగడివాడు "40 రెట్ల జూమ్" అనియో, "పెద్ద సెన్సారు" అనియో చెప్పి ఊరకుండును. ఆ మాటలతో ఈ ప్రశ్న తేలదు.

నిజముగా అమ్ముడైన రెండు నమూనాలను తీసికొని లెక్క వేసి చూడవచ్చును. 2016లో వచ్చిన కెనన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్ 720 సూపర్ జూమ్ జాతికి చెందినది. తూకము 270 గ్రాములు. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్ 100 పెద్ద సెన్సారు జాతిది. తూకము 240 గ్రాములు. రెండింటిలోను పిక్సెళ్లు దాదాపు 2 కోట్లే. కటకపు కమ్మీ మీద మొదటిదానికి 4.3–172 మిల్లీమీటర్లు, 3.3–6.9 అనియు, రెండవదానికి 10.4–37.1 మిల్లీమీటర్లు, 1.8–4.9 అనియు వ్రాసియుండును. ముందటి జత నాభ్యంతరము. అది జూమ్ తిప్పినకొలది మారుచుండును. వెనుకటి జత ఎఫ్ సంఖ్య. కెమేరా గుణమంతయు ఈ నాలుగు అంకెలలో దాగియున్నది. విచిత్రమేమనగా కొనువారిలో వీనిని చదువువారు బహు తక్కువ.

172ను 4.3తో భాగించినచో 40 వచ్చును. అంగడివాడు చెప్పిన 40 రెట్లు ఇదియే. ఇది కంటికి కనబడుదానికంటె 40 రెట్లు పెద్దదిగా చూపుటకాదు. అతి చిన్న నాభ్యంతరమునకు, అతి పెద్ద నాభ్యంతరమునకు గల నిష్పత్తి మాత్రమే. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము లెక్కలో ఈ కెమేరా 24 నుండి 960 మిల్లీమీటర్ల వరకు పోవును. సహజ దృష్టికి దగ్గరిదని చెప్పు 50 మిల్లీమీటర్లతో పోల్చినచో 960 అనునది 19 రెట్లు. సోనీ అదే లెక్కలో 28 నుండి 100 వరకే పోగలదు.

ఇక సెన్సారులు. కెనన్‌లోని ఫలకము 6.17 × 4.55 మిల్లీమీటర్లు, సోనీలోనిది 13.2 × 8.8 మిల్లీమీటర్లు. వైశాల్యములు సుమారు 28, 116 చదరపు మిల్లీమీటర్లు; అనగా రెండవది మొదటిదానికి నాలుగు రెట్లకు మించినది. ఈ పెద్ద ఫలకమును వ్యాపారములో "ఒక అంగుళపు సెన్సారు" అందురు. కాని 13.2, 8.8 భుజములుగల దీర్ఘచతురస్రపు కర్ణమును విద్యార్థులు లెక్కించినచో 16 మిల్లీమీటర్లు కూడ రాదు, అంగుళమనగా 25.4 మిల్లీమీటర్లు గదా! పూర్వము టెలివిజను కెమేరాలలో గాజు గొట్టములు వాడెడివారు. ఒక అంగుళపు గొట్టములో ప్రతిబింబము పట్టు భాగము సుమారు 16 మిల్లీమీటర్లే. ఆ గొట్టములు పోయినవి, పేరు మిగిలినది.

పెద్ద సెన్సారు ఎక్కువ వెలుతురు పట్టునని సాధారణముగా చెప్పుదురు. ఈ మాట సగమే నిజము. మిగిలిన సగము తెలియుటకు ప్రయోగశాలలో ఒక చిన్న పని చేయవచ్చును. ఒకే వ్యాసము గలిగి, 10 సెంటీమీటర్ల నాభ్యంతరము గల కుంభాకార కటకమొకటి, 30 సెంటీమీటర్లది మరొకటి తీసికొని, కిటికీలోనుండి కనబడు దూరపు చెట్టు ప్రతిబింబమును తెల్ల కాగితముపై పట్టవలెను. రెండవ కటకము ఇచ్చు చెట్టు మూడు రెట్లు పొడవుగా ఉండును గాని మసకగా ఉండును. చెట్టునుండి రెండు కటకములలోనికి వచ్చిన వెలుతురు ఒక్కటే. అది రెండవచోట తొమ్మిది రెట్ల వైశాల్యమున పరచుకొన్నది. నాభ్యంతరమును వ్యాసముతో భాగింపగా వచ్చునదే ఎఫ్ సంఖ్య. కాగితముపై ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు ఎంత ప్రకాశించునో అది చెప్పును. చెట్టునుండి మొత్తము ఎంత వెలుతురు లోపలికి వచ్చెనో చెప్పునది మాత్రము కటకపు వ్యాసమే.

కెమేరాలో ఈ వ్యాసమును కాంతి ద్వారము అందము. నాభ్యంతరమును ఎఫ్ సంఖ్యతో భాగించినచో అది మిల్లీమీటర్లలో వచ్చును. ముందు కనబడు గాజు ఇంతకంటె పెద్దదిగా ఉండవచ్చును. లెక్కకు వచ్చునది ద్వారమే. విశాలదృశ్యము తీయునపుడు కెనన్ ద్వారము 4.3ను 3.3తో భాగింపగా 1.3 మిల్లీమీటర్లు, ఒక ఆవగింజ. సోనీ ద్వారము 10.4ను 1.8తో భాగింపగా 5.8 మిల్లీమీటర్లు, ఒక కందిగింజ. జూమ్‌ను చివరివరకు తిప్పినపుడు తారుమారగును. కెనన్ ద్వారము 172ను 6.9తో భాగింపగా దాదాపు 25 మిల్లీమీటర్లై ఉసిరికాయంతగును. సోనీది 37.1ను 4.9తో భాగింపగా 7.6 మిల్లీమీటర్లే. చిన్న సెన్సారు గల కెమేరాయే ఇప్పుడు దూరపు పిట్టనుండి పది రెట్లకు పైగా వెలుతురు గ్రహించుచున్నది!

తాండవ గట్టున దీని ఫలితము చూడవచ్చును. లకుముకి పిట్ట పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. అది 80 మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. సోనీ సెన్సారుపై దాని ప్రతిబింబము 0.13 మిల్లీమీటరు మాత్రమే. అనగా 54 పిక్సెళ్ల పొడవు. కెనన్ సెన్సారుపై 0.6 మిల్లీమీటరు, 500 పిక్సెళ్లు. సోనీ చిత్రమును తరువాత కత్తిరించి పెద్దది చేయవచ్చుననుకొనుట భ్రమ. కెనన్ చూపునంత భాగమునకు కత్తిరించినచో 2 కోట్ల పిక్సెళ్లలో సుమారు 2 లక్షల 20 వేలు మిగులును. మిగిలినవన్నియు ఆకాశము, నీరు.

అయితే 500 పిక్సెళ్లనగానే 500 వివరములని తలపరాదు. కాంతి తరంగము. అది ఒక ద్వారమునుండి దూరునపుడు అంచులవద్ద చెదరును. దీనిని వివర్తనము అందురు. అందుచే ఒక బిందువు ప్రతిబింబము బిందువు కాక చిన్న వృత్తమగును. పచ్చని కాంతికి, ఎఫ్ సంఖ్య 6.9 వద్ద, ఆ వృత్తపు వ్యాసము 9 మైక్రోమీటర్లకు పైమాటే. కెనన్ పిక్సెలు వెడల్పు 1.2 మైక్రోమీటర్లు. ఒక్కొక్క బిందువు దాదాపు 8 పిక్సెళ్ల వెడల్పున అలుకుకొని పోవునన్నమాట. 25 మిల్లీమీటర్ల ద్వారము 80 మీటర్ల దూరమున 2.2 మిల్లీమీటర్లకంటె చిన్న వివరములను వేరుపరుపలేదు. పిట్ట పొడవున అట్టి వివరములు సుమారు 130 పట్టును. సోనీ ద్వారమునకు ఆ హద్దు 7 మిల్లీమీటర్లు, వివరములు 40. కాబట్టి కెనన్‌కు గల నిజమైన లాభము పది రెట్లు కాదు, మూడు రెట్లకు కొంచెము పైన. ఆ మూడు రెట్లే చాలు. 40 వివరములలో నీలిరంగు పిట్ట యొకటి కనబడును; 130 వివరములలో ఎర్రని ముక్కు, గోధుమవన్నె తల, తెల్లని గొంతు విడివిడిగా తెలిసి, పట్టికలో పేరు వ్రాయుటకు ధైర్యము వచ్చును. ఇదంతయు చేయి వణకనపుడు. 19 రెట్లు పెద్దదిగా చూపు కటకము చేతి వణుకునుకూడ 19 రెట్లు పెద్దది చేయును. వణుకును సరిదిద్దు ఏర్పాటు కెమేరాలోనే ఉన్నను, గట్టుమీది రాతికి మోచేయి ఆనించుట మంచిది.

ఇక చెరువులవేనము. అచట విశాలదృశ్యము కావలెను. కాబట్టి ఆవగింజకు, కందిగింజకు పోటీ. ద్వారపు వైశాల్యములను పోల్చినచో, లోయలోని ఒక్కొక్క చెట్టునుండి సోనీ దాదాపు 20 రెట్లు వెలుతురు గ్రహించును. వెలుతురు ఫోటాన్లు అను కణములుగా వచ్చును. వానబొట్లవలె అవి సమముగా పడవు. ఒక చోట సగటున 100 పడవలసియుండగా, ఆ సంఖ్య వర్గమూలమైన 10 మేరకు హెచ్చుతగ్గులు సహజముగా వచ్చును. ఇది నూటికి 10 వంతులు. 2000 పడవలసినచోట హెచ్చుతగ్గులు 45; నూటికి 2 వంతులకు కొంచెము పైన. ఒకే వన్నెతో నునుపుగా ఉండవలసిన మంచుతెర చిన్న కెమేరాలో ఇసుక చల్లినట్లు గరుకుగా కనబడుటకు కారణమిదే. ఐఎస్ఓ సంఖ్య పెంచినందువలన ఫోటాన్లు పెరుగవు. వచ్చిన సంకేతము, దానితో పాటు ఆ గరుకు, పెద్దవగును. కాలము పెంచి ఎక్కువ వెలుతురు పట్టవచ్చును గాని దానికిని హద్దున్నది. సోనీకి సెకనులో 15వ వంతు చాలినచోట, అదే ఐఎస్ఓలో కెనన్‌కు సుమారు 4వ వంతు కావలెను. కొండ నిలుచును, మంచులో నడచివచ్చు మనిషి, అతని ముందరి ఆవు నిలువవు.

కెనన్‌వారు చిన్న కెమేరాకుకూడ కందిగింజంత ద్వారము పెట్టలేదేల? 4.3 మిల్లీమీటర్ల నాభ్యంతరమునకు 5.8 మిల్లీమీటర్ల ద్వారమనగా ఎఫ్ సంఖ్య 0.74 కావలెను. అట్టి కటకమును, అందులోను జూమ్ గలదానిని, చక్కని ప్రతిబింబమిచ్చునట్లు జేబు పరిమాణములో చేయుట దుస్సాధ్యము. సెన్సారు పెద్దదైనచో అదే దృశ్యమునకు నాభ్యంతరము పెరుగును. నాభ్యంతరము పెరిగినచో విశాలమైన ద్వారము సులభమగును. పెద్ద సెన్సారు చేయు మేలు ఇదియే. పెద్ద సెన్సారుకు దూరపు చూపు పెట్టలేదేల యనునది దీనికి తిరుగు ప్రశ్న. 960 మిల్లీమీటర్లకు సాటియగు చూపు ఈ ఫలకముపై రావలెనన్నచో నాభ్యంతరము 35 సెంటీమీటర్లు కావలెను. ఎఫ్ సంఖ్య 6.9 అయినను ద్వారము 5 సెంటీమీటర్లు దాటును. కటకములను నేర్పుగా పేర్చి గొట్టమును కొంత పొట్టి చేయవచ్చును గాని ద్వారమును తగ్గింపరాదు. సోనీ కంపెనీయే 2017లో ఆర్‌ఎక్స్ 10 నాలుగవ నమూనాను అంగుళపు ఫలకముతో, 600కు సాటియగు చూపుతో తెచ్చినది. దాని అసలు నాభ్యంతరము 220 మిల్లీమీటర్లు, ఎఫ్ సంఖ్య 4, ద్వారము 55 మిల్లీమీటర్లు. తూకము సుమారు 1 కిలో 100 గ్రాములు. ఏ జేబులోను పట్టదు.

మధ్యేమార్గముకూడ లేకపోలేదు. 2018లో వచ్చిన పానసోనిక్ లూమిక్స్ టీజెడ్ 200 అంగుళపు ఫలకముతో 15 రెట్ల జూమ్ గలది; తూకము 340 గ్రాములు. దాని కమ్మీమీది అంకెలు 8.8–132, 3.3–6.4. దూరమునకు ద్వారము 20.6 మిల్లీమీటర్లు, అదే లకుముకి పిట్ట పొడవున 107 వివరములు. 40 రెట్ల కెనన్ ఇచ్చు 130కి ఇది చాల దగ్గర! "15" అని వ్రాసిన పెట్టె "40" అని వ్రాసినదానికి ఇంత సమీపముగా వచ్చునని అంగడిలో ఎవరును చెప్పరు. విశాలదృశ్యమునకు మాత్రము దాని ద్వారము 2.7 మిల్లీమీటర్లే. ఆవగింజకు రెట్టింపు, కందిగింజలో సగము. తెల్లవారుజామున అది సోనీని అందుకొనలేదు.

కాబట్టి పక్షుల పట్టికకై కొనదలచిన పాఠశాల మొదటి సోనీని ఎన్నుకొనుట పొరపాటగును. ఎంత చక్కని సెన్సారైనను 7.6 మిల్లీమీటర్ల ద్వారముతో జలాశయము నడుమనున్న పిట్ట చిక్కదు. టీజెడ్ 200వంటిది ధరకు అందినచో అదియే మేలు, లేనిచో సూపర్ జూమ్. తరగతి గది, వార్షికోత్సవము, లంబసింగి విహారయాత్ర ముఖ్యమైనచో తీర్పు తిరుగబడును. నమూనాలు ఏటేట మారుచుండును. వీనిలో ఏదియు దొరకకపోవచ్చును. కమ్మీమీది అంకెలతో రెండు భాగహారములు చేసినచో కొత్తదాని సంగతియు తెలియును.

ఏ కెమేరా యైనను తాండవకు ఉదయము పెందలకడనే తీసికొని పోవలెను. ఎండ ఎక్కినకొలది గట్టు వేడెక్కి, నీటిపై గాలి పొరలు కదలుచు కాంతిని ఇటునటు వంచును. 80 మీటర్ల దూరపు పిట్ట నీటి అడుగున ఉన్నట్లు అల్లలాడును. అప్పుడు 130 వివరములు కూడ మిగులవు.