పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా?

డెబియన్ లినక్స్ నడిచే సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు ప్యాకేజీలు ఒకదాని వెంట ఒకటి చకచకా దిగుతుంటాయి. ఉన్నట్టుండి అంతా ఆగిపోయి తెరమీద ఒక ప్రశ్న నిలబడుతుంది. ఈ సెట్టింగుల ఫైలును మీరో, మీ స్క్రిప్టో మార్చినట్టుంది, ప్యాకేజీవాళ్లూ కొత్త ఫైలు పంపారు, ఏం చెయ్యమంటారు? కింద వై, ఐ, ఎన్, ఓ, డీ, జెడ్ అని ఆరు అక్షరాలు. ఏమీ చూడకుండా ఎంటర్ కొడితే ఎన్ అన్నట్టే, పాత ఫైలే ఉండిపోతుంది.

ఆ ప్రశ్న అడిగేది డీపీకేజీ అనే ప్రోగ్రామ్. 1993లో డెబియన్‌ను మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ దాన్ని మొదట చిన్న స్క్రిప్టుగా రాశాడు. 1994లో ఇయన్ జాక్సన్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. దాని గొప్పతనమంతా ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడంలోనే ఉంది. ప్రతి సెట్టింగుల ఫైలుకూ అది ఫైలులోని విషయాన్ని బట్టి లెక్కగట్టే ఎండీ5 ముద్రలు మూడు పోల్చి చూస్తుంది: పాత ప్యాకేజీతో వచ్చిన ఫైలుది, ఇప్పుడు డిస్కులో ఉన్నదానిది, కొత్త ప్యాకేజీలో ఉన్నదానిది. మనం ముట్టుకోని ఫైలైతే చప్పుడు చెయ్యకుండా కొత్తది పెట్టేస్తుంది. మనం మార్చినా ప్యాకేజీవాళ్లు మార్చకపోతే మనదాని జోలికి రాదు. ఇద్దరూ వేర్వేరుగా మారిస్తేనే నోరు విప్పుతుంది.

అయితే పాతది ఉంచుకుంటే క్షేమం అనుకోవడానికి వీల్లేదు. 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8 వచ్చినప్పుడు అపాచీ వెబ్ సర్వర్ 2.2 నుంచి 2.4కు మారింది. పాత ప్రధాన ఫైలులో ‘లాక్‌ఫైల్’ అని ఒక వరుస ఉండేది. 2.4కు ఆ మాట తెలియదు. ఎన్ నొక్కినచోట ఆ వరుస దగ్గరే తప్పు చూపించి, అపాచీ లేవనంటే లేవనని మొరాయించింది. పోనీ వై నొక్కి కొత్త ఫైలు పెడితే? సర్వర్ లేస్తుంది గానీ, కొత్త ఫైలు ‘.కాన్ఫ్’ అని ముగిసే సైట్ ఫైళ్లనే చదువుతుంది. ఆ తోక లేకుండా పేరు పెట్టుకున్న సైట్లు ఏ ఫిర్యాదూ లేకుండా మాయమవుతాయి. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అక్కడ తప్పు జరిగిందని చెప్పేవాళ్లే ఉండరు.

అందుకే ఆరు అక్షరాల్లో డీ అన్నిటికన్నా విలువైనది. రెండు ఫైళ్ల తేడాను అది వరుస వరుసగా, కూడిక, తీసివేత గుర్తులతో చూపిస్తుంది. చూశాక ఏది ఎంచుకున్నా రెండోది పోదు: పాతది ఉంచితే కొత్తది ‘.డీపీకేజీ-డిస్ట్’ పేరుతో, కొత్తది పెడితే పాతది ‘.డీపీకేజీ-ఓల్డ్’ పేరుతో పక్కనే ఉంటుంది.

హెచ్చరిక ఎంత గట్టిగా ఉన్నా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. 2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే గేముల ప్రోగ్రామ్ పెట్టుకోబోయాడు. ప్యాకేజీల మధ్య పొంతన కుదరక, ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఏపీటీ అనే ప్రోగ్రామ్ ఏకంగా డెస్క్‌టాప్‌నే తీసేయడానికి సిద్ధపడింది. అవసరమైన ప్యాకేజీలు పోతాయని చెప్పి, ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అని ఇంగ్లీషులో పూర్తిగా టైపు చెయ్యమంది. ఆయన చేశాడు. తెర నల్లబడి, అక్షరాల టెర్మినల్ ఒక్కటే మిగిలింది. తప్పు ఆయన మీదికి నెట్టడం అన్యాయం. గేము పెట్టుకుందామని వచ్చిన మనిషికి ఆ పొడవాటి ప్యాకేజీల జాబితాలో ఏది ప్రాణమో ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత ఏపీటీ రచయితలు మామూలుగా ఆ వాక్యంతో దాటిపోయే వీలే తీసేశారు. నిజంగా కావాలంటే వేరే ఆప్షన్ ఇచ్చి మరీ అడగాలి.

హెచ్చరించే విషయంలో డెబియన్ నుంచి పుట్టిన ఉబుంటు మరో మెట్టు ముందుకెళ్లింది. దూరాన ఉన్న సర్వర్‌ను, నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ ద్వారా అప్‌గ్రేడ్ చేస్తుంటే, మధ్యలో ఏదైనా విఫలమైతే కోలుకోవడం కష్టమని ముందే చెబుతుంది. చెప్పి ఊరుకోదు. 1022 పోర్టులో రెండో ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను తానే లేపి ఉంచుతుంది. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును మాత్రం తెరవదు, అలా తెరవడం ప్రమాదం కావచ్చు గనక. అందుకు కావలసిన, ఫైర్‌వాల్ నియమాలు మార్చే ఐపీటేబుల్స్ కమాండును తెరమీద రాసి, కొట్టే పని సర్వర్ చూసుకునేవాళ్లకే వదిలేస్తుంది.